మేకుకు తగిలించిన వాషర్

ఆర్డిస్ నోర్డల్‌కి డెబ్బై మూడేళ్లు. మొంటానాలో వాళ్ల ఊరి గోధుమ గిడ్డంగిలో ముప్పై ఏళ్లు తూకం దగ్గర కూర్చున్న మనిషి. ఆమె కళ్లుగప్పి ఏ రైతూ ఒక్క బస్తా ఎక్కువ రాయించుకోలేదు. అలాంటి మనిషిని కట్టుకున్నవాడే నలభై ఏళ్లు బుట్టలో వేశాడంటే నమ్మబుద్ధి కాదు.

ఆ కట్టుకున్నవాడు హార్లన్, మొన్న నవంబరులో పోయాడు. వాళ్ల ఊరి తుపాకీ షూటింగ్ క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. సభ్యుడు పోతే, ఏప్రిల్ మొదటి శనివారం అతని రివాల్వర్‌తో ఇంటివాళ్లు ఆరు తూటాలు పేల్చాలి. కొన్న తూటాలు పనికిరావు. పోయినవాడి బల్ల మీద, తూటాలు నింపే అతని ప్రెస్సులో, అతను దాచుకున్న ఖాళీల్లో, అంటే పేలిపోయిన తూటాల ఇత్తడి గొట్టాల్లో, నింపినవే కావాలి. హార్లన్ ఖాళీలు డబ్బాలో ఎనిమిదే మిగిలాయి. గురువారం పొద్దున ఆర్డిస్ వాటిని పట్టుకుని గరాజులోకి వెళ్లింది.

రెండు స్టూళ్లూ అలాగే ఉన్నాయి. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఇద్దరూ అక్కడే చేరేవారు. రేడియోలో బేస్‌బాల్, ఫ్లాస్కులో కాఫీ. ఆమె తుపాకీమందు తూచేది, అతను ప్రెస్సు మీట లాగేవాడు. ప్రెస్సుకు బిగించి ఖాళీల మూతిని కొలతకు విప్పే ఉక్కు అచ్చుల, అంటే డైల, జోలికి మాత్రం ఆమెను రానిచ్చేవాడు కాదు. ఎంత హాయిగా గడిచాయో ఆ ఆదివారాలు!

ఆమె రివాల్వర్ థర్టీ ఎయిట్, అతనిది మ్యాగ్నమ్. తూటాల లావు ఒకటే కనుక రెంటికీ అవే డైలు. కాని మ్యాగ్నమ్ ఖాళీ గోధుమ గింజ వెడల్పంత ఎక్కువ పొడుగు. ఒకదానికి బిగించిన డై రెండోదానికి కుదరదు. అందుకని హార్లన్ సరిగ్గా అంత మందాన ఇత్తడి వాషరొకటి ఆకురాయితో అరగదీసి పెట్టుకున్నాడు. డై కింద అది పెడితే ఒక కొలత, తీస్తే ఇంకో కొలత.

"నీ పొట్టివాటితో చస్తున్నానే! పెట్టు, తియ్యి, పెట్టు, తియ్యి!" అని అతను సణగని ఆదివారం లేదు.

"నోరు మూసుకుని లాగు," అనేది ఆమె. పైకి అలా అన్నా, ఒక ఏడు ఆ మాట నిజంగానే మనసుకు తగిలింది. మణికట్టు నొప్పని అబద్ధమాడి రెండేళ్లు తుపాకీ ముట్టలేదు.

ఈ గురువారం కూడా వాషర్ తన పొట్టివాటికే అనుకుంది గనుక దాన్ని గోడ మేకుకే వదిలేసి, హార్లన్ ఖాళీ ఒకటి పెట్టి మీట లాగింది. ఖాళీ మూతి గుమ్మడిపువ్వులా విచ్చుకుని చీలింది. రెండోదీ అంతే. ఇక సరిగ్గా ఆరు మిగిలాయి. ఇంకొక్కటి చెడితే ఆనవాయితీ తప్పినట్టే. హార్లన్ స్నేహితుడు వెండెల్‌కి ఫోన్ చేసింది.

వెండెల్ వచ్చి బల్ల వంక చూశాడు. "వాషర్ పెట్టలేదేం?"

"అది నా పొట్టివాటికి కదా!"

"ఎవరు చెప్పారు?"

"నలభై ఏళ్లు సణిగినవాడు!"

వెండెల్ పకపకా నవ్వాడు. "డై బిగించింది నీ కొలతకి, ఆర్డిస్. పొడుగువాటికి డై పైకి లేవాలి, అందుకే వాషర్. పెట్టడం, తియ్యడం అంతా వాడి తూటాల కోసమే."

"మరి నా మీద పడి ఏడ్చేవాడెందుకు?"

"నిన్ను ఉడికించకపోతే వాడికి కాఫీ దిగేది కాదుగా."

ఆర్డిస్ నవ్వలేదు. "అయితే నేను మానేసిన ఆ రెండేళ్లు?"

వెండెల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "నేనూ వాడికి చెప్పాను. ఆవిడ ఎలాగూ పేల్చట్లేదు, డై నీ కొలతకి మార్చుకుని ఆ వాషర్ పారెయ్‌రా అని. వినలేదు. రెండేళ్లూ ప్రతిసారీ పెట్టుకున్నాడు. 'అది మళ్లీ వస్తుందిరా. వచ్చేసరికి దాని డై దానికి సిద్ధంగా ఉండాలి' అన్నాడు."

ఆర్డిస్ స్టూలు మీద కూలబడి, నవంబరులో కూడా ఏడవనంత ఏడ్చింది. తరవాత ముక్కు తుడుచుకుని వాషర్ పెట్టింది. ఆరూ చక్కగా వచ్చాయి.

శనివారం ఆరూ పేల్చి ఇంటికొచ్చింది. వాషర్ తీసి మేకుకు తగిలించి, తన పొట్టి ఖాళీ ఒకటి పెట్టి మీట లాగింది. కొలిచినట్టు కుదిరింది.

"పెట్టు, తియ్యి, పెట్టు, తియ్యి," అని సణిగింది. సణగడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు మరి.