దోర్కాస్ కలిపిన తీగ

"అందరూ పడుకుండిపోనావంటే, నాకూ పడుకుండిపోనానేమో అనిపిత్తంది బాబూ. మెలకువగా ఉన్న మడిసి పప్పు మాడ్సుకుంతాదేటి?" అంది దోర్కాస్.

ఆమె పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు పనిచేసింది. జీడిపిక్కలు కొట్టీ కొట్టీ, జీడి రసానికి వేళ్ల కొసలు మొద్దుబారిపోయాయి. మరిగే టీ గ్లాసు పట్టుకున్నా వేడి తెలియదు. అప్పుడామెకు బోర్మా అప్పగించారు. పప్పు ఆరబెట్టే ఇనప బీరువా అది. కింద పొయ్యి, లోపలికి ఒక కడ్డీ, కడ్డీ నుంచి రెండు తీగలు, గోడకు మీటరు. ముల్లు డెబ్బై దాటకుండా చూసుకోవడమే పని.

2003 వానాకాలంలో ఎలక ఆ తీగలు కొరికేసింది. పని ఆగితే ఆ పూట కూలి పోతుందని, పాత ఫ్యాను రాగితీగ తెచ్చి ఆమే ముడేసింది. ముల్లు నలభై దాటలేదు. చాల్లేదనుకుని పొయ్యిలో జీడి తొక్క వేస్తూనే ఉంది. తలుపు తీసేసరికి ఇరవై ట్రేల పప్పు మాడిపోయింది.

"మాడు వాసన రాలేదా పిన్నీ?" అనడిగాను.

"పక్కన పిక్కలు ఏపుతుంటే ఏ వాసనేదో ఎవులికి తెలుత్తాది?"

నిద్రపోయిందని యజమాని జగదీశ్వరరావు గారు పనిలోంచి తీసేశారు. మళ్లీ పెట్టించమని ఆమె, అక్కడే లెక్కలు రాసే నన్నడిగి నెల రోజులైంది. దొరికిన పుస్తకాలన్నీ తిరగేసి, తెలిసింది చెప్పాను.

"దాన్ని థర్మోకపుల్ అంటారు పిన్నీ. ఆ రెండు తీగలూ వేరు వేరు లోహాలు. కలిసిన కొస వేడెక్కితే, చల్లగా ఉన్న అవతలి కొసకీ దానికీ ఉన్న తేడాను బట్టి సన్నని కరెంటు పుడుతుంది. ఉక్కు కొలిముల్లో వేడి చూసేదీ, మంట ఆరితే గ్యాసు ఆపేదీ ఇదే. నువ్వు రాగి కలిపేసరికి నీ ముడే అవతలి కొస అయింది. అది బీరువాకి ఆనుకుని కాగింది. తేడా తగ్గింది."

"ఇద్దరికీ జొరవైతే ఒకల సెయ్యి ఒకలికి సల్లగానే తగుల్తాది. అంతేనా?"

"అంతే."

"అయితే నేను పడుకోనేదు." ముఖం ఒక్క క్షణం తేటపడింది. "బాబుగారికి సెప్పినావా?"

"పొద్దున్నే చెప్పాను. 'నిద్ర కాదు, తీగ చెడగొట్టిందన్నమాట' అని నవ్వారు. నీ చోట్లో కెజియాని పెట్టేసుకున్నారు. ఇన్నాళ్లూ ఆపిన బోర్మా ఇవాళే మళ్లీ వెలిగించారు."

"పడుకున్నానంటే ఎప్పుడేనా మరిసిపోదురు. ఇది నా సేతులారా సేసింది. పోనీ తోలు తీసే పనికి పోదునా అంటే, ఈ సేతి ఏళ్లకి పట్టు తెల్దు, పప్పు నలిపేత్తాను." వేళ్ల కొసలు చూసుకుంది. "ఆ ముడి ఇప్పేసినారా?"

"లేదు. ముల్లు కదుల్తోంది కదా అన్నారు."

దోర్కాస్ లేచి నా సంచీ నా చేతికిచ్చింది.

"ఎళ్లు బాబూ, సిఫ్టు దిగీలోగా ఎళ్లు. తీగ మార్సేదాకా ఆ ముల్లుని నమ్మొద్దని కెజియాకి సెప్పు. నా పేరు మాత్రం ఎత్తకు, ఇనదు."