మిరప చేలో బొమ్మ, అరువు కెమెరా

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. కానీ సరదాకి ఫొటోలు తీసుకునేవాడికి డీఎస్‌ఎల్‌ఆర్ కావాలా, ఫోను చాలదా అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఒక్క ముక్కలో చెప్పడం నాకు చేతకాదు కనక ఆ రోజు సంగతంతా చెబుతాను. మా బావమరిది ఆ కెమెరా కొని, రెండు పెళ్ళిళ్ళకి మోసి, మెడ పట్టేసిందని బీరువాలో పడుకోబెట్టాడు. "వారం రోజులు వాడి చూడు బావా, నచ్చితే ఉంచేసుకో" అన్నాడు. నాకు ఈ విద్య నేర్పినవాళ్ళెవరూ లేరు. పెళ్ళిళ్ళలో ఫొటోగ్రాఫరు వెనక నిలబడి, అతను విసుక్కునేదాకా చూసి నేర్చుకున్నదే. ఆ చదువులో రెండో బంతి భోజనాలు కూడా దాటిపోయేవి. సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు.

జనవరి చివర. గుంటూరులో పొద్దున్నే బస్సెక్కి, చిలకలూరిపేటలో టీ తాగి, పర్చూరు బస్సు పట్టుకుంటే తొమ్మిదిన్నరకల్లా చేరిపోవచ్చు. అక్కణ్ణించి పల్లెల్లోకి బస్సుల కోసం చూడకండి, ఆటో మాట్లాడుకోండి. శ్రీను అనే కుర్రాడు సాయంత్రం దాకా తిప్పడానికి ఎనిమిది వందలు అడిగాడు. దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయ ఎండబోశారు. ఫొటో తీసే ముందు తుమ్ముకోవడం పూర్తి చేసుకోవాలి, లేకపోతే ఎరుపంతా అలికినట్టు వస్తుంది.

పన్నెండు దాటాక ఒక మిరప చేను దగ్గర ఆపించాను. ఆకు కదలడం లేదు. ఒక్క పిట్ట లేదు. పురుగుమందు వాసన గొంతులో కూర్చుంది. చేను మధ్య దిష్టిబొమ్మ నిలబడి ఉంది. ఫోనుతో తీస్తే బూడిదరంగు మరక వచ్చింది. కెమెరాకి పొడుగు లెన్సు తగిలించి, స్టాండు మీద పెట్టి ఒకటి తీసి చూశాను. చొక్కా బొత్తాలు కూడా కనిపించాయి. మొహానికి తువ్వాలు చుట్టి ఉంది, సందులో కళ్ళు. ఎవరు పెట్టారో గాని కళ్ళు బాగా పెట్టారు అనుకున్నాను. ఈలోగా స్టాండు కాలు మట్టిలో దిగబడింది. సరిచేసుకుని మళ్ళీ తీశాను.

కెమెరాలోని రెండు ఫొటోలూ మార్చి మార్చి చూశాను. మొదటిదాంట్లో తల రోడ్డు వైపు ఉంది. రెండోదాంట్లో కిందికి వాలింది.

"గాలి లెండి బాబాయ్ గారూ" అన్నాడు శ్రీను.

"గాలేదయ్యా? నీ ఆటో మీద జెండా చూడు, చచ్చిన పాములా వేలాడుతోంది."

చూశాడు. "అయితే పోదాం పదండి" అంటూ బండెక్కేశాడు. నిజం చెప్పొద్దూ, నాకూ పోవాలనే ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలో వీపు చల్లబడడం అంతకుముందు ఎరగను.

పక్క చేలో కాయ కోస్తున్న ఒకావిడ గట్టుమీదికొచ్చి కేకేసింది. "ఏందండీ, మా బొమ్మని అంతసేపు తీస్తన్నారు? దిష్టి దానికే తగిలేట్టుంది!"

ఆవిడ పేరు అంకమ్మ. బొమ్మ ఉన్న చేను వాళ్ళదే. "మా ఆయన పాత చొక్కా నేనే తొడిగానండి. దూరాన్నించి అచ్చం ఆయనే. మొన్న కూలోళ్ళు దాన్ని కేకేసి, పలకలేదని తిట్టుకున్నారు కూడానూ."

"మీ ఆయనేడమ్మా?"

"చేనుకి మందు కొట్టి ఇంటికి పోయుంటాడు. అన్నం వేళ కదండీ."

ఫొటో పెద్దది చేసి చూపించాను. నవ్వుతూనే వంగి చూసింది. నవ్వు ఆగిపోయింది.

"మేం తలకి కుండ పెట్టామండి" అంది మెల్లగా. "సున్నం బొట్లు పెట్టిన కుండ. తువ్వాలెవరు కట్టారు?"

బుట్ట జారిపడింది. "ఏవయ్యో!" అని అరుస్తూ మిరప మొక్కలు తొక్కుకుంటూ పరిగెత్తింది. వెనకే శ్రీను, ఆ వెనక నేను.

ఆమె భర్త కోటేశ్వరరావు మందు కొడుతూ, కళ్ళు తిరిగి బొమ్మనే ఆసరా పట్టుకున్నట్టున్నాడు. కుండ పగిలి మొక్కల్లో పడి ఉంది. వీపు మీది మందు ట్యాంకు పట్టీ బొమ్మ చేతికర్రకి తగులుకుని ఆయన్ని నిలబెట్టేసింది. ఆయన ఒంటిమీద చొక్కా, వెనక గడ్డికి తొడిగిన చొక్కా ఒకే తానులోవి. కళ్ళు తెరిచే ఉన్నాయి. తువ్వాలు నురగతో తడిసింది. "ఇందాక రెండుసార్లు ఇటే పోయానయ్యా, బొమ్మే అనుకున్నానయ్యా" అంటూ అంకమ్మ నడుముకి దోపుకున్న కొడవలితో పట్టీ కోసింది.

చిలకలూరిపేట ఆసుపత్రి దాకా శ్రీను హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. అక్కడ డాక్టరు మొదట అడిగింది "ఏం మందు?" అని. అంకమ్మకి దాని పేరు తెలీదు. గట్టుమీదున్న మందు డబ్బాని శ్రీను ఆటోలో పడేసుకొచ్చాడు. దాని మీది పేరు చదివి, వెంటనే సూది వేశారు.

ఇక కెమెరా మాట. మంచి ఫొటో కోసమైతే ఈ కాలపు ఫోను నాబోటి వాడికి ధారాళంగా చాలు. కానీ ఫోనుతో ఒకటి నొక్కి ఆటో ఎక్కేసేవాణ్ణి. లెన్సు బిగించి, స్టాండు నిలబెట్టి, కాలు సరిచేసుకోవాల్సి రాబట్టి ఒకే వస్తువుని రెండుసార్లు చూశాను. ఒకచోట నిలబడి చూసే ఓపిక మీకు పుట్టుకతో ఉంటే డీఎస్‌ఎల్‌ఆర్ కొనకండి. నాకు లేదు, అందుకని ఉంచేసుకున్నాను. రాత్రిపూట ఆ మొదటి ఫొటో మాత్రం తెరవను. ఆ కళ్ళు నన్ను పిలుస్తూనే ఉన్నాయని ఇప్పుడు తెలుసు కదా.

ఆ వైపు వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా: పురుగుమందు కొడుతూ పడిపోయినవాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వస్తే, మందు డబ్బా కూడా పట్టుకెళ్ళండి.

మూడో రోజు శ్రీను ఫోన్ చేశాడు. కోటేశ్వరరావు రెండు ఇడ్లీలు తెప్పించుకుని ఒకటిన్నర తిన్నాడట. మిగిలిన సగం అంకమ్మ తింది.