అంచులు కోయని పుస్తకం

కాస్త ఇటు జరిగి కూర్చోండి, టీ తాగుతూనే వినండి. పదేళ్ల కిందట, మంచు కరిగి సరస్సుల్లో ఓడలు కదిలే రోజుల్లో, కెనడాలోని హామిల్టన్ ఉక్కు ఫ్యాక్టరీలకు ఇనుప ఖనిజం మోసే ఓడలో నన్ను చీఫ్ కుక్‌గా వేశారు. నా అధికారం వంటింటి గడప వరకే. ఓడలో డాక్టరు ఉండడు. మందుల పెట్టె తాళం సెకండ్ మేట్ దగ్గర, అంటే కెప్టెన్ కింద పనిచేసే ఒక అధికారి దగ్గర ఉంటుంది కాబట్టి ఆయనే మాకు డాక్టరు.

మా మేట్ రాజశేఖర్ గారిది విశాఖ. పాత వైద్య పుస్తకాలు కొనడం ఆయన సరదా. నావికుల ఆరోగ్యం గురించి, వేడి దేశాలకు పోయే దొరల ఆరోగ్యం గురించి ఎప్పుడో రాసినవి. భోజనాల దగ్గర చదివి వినిపించేవారు. వేడి దేశంలో పొట్టకు ఉన్నిపట్టీ చుట్టుకోవాలట. ఆ రాసిన మహానుభావుణ్ణి మే నెలలో కాకినాడ రేవులో నిలబెట్టాలి. ఓడ మీద కాళ్లీడ్చేవాడు సోమరి అట. ఆయన మాత్రం కుర్చీలో కూర్చునే రాసి ఉంటాడు.

డెక్ మీద పనిచేసే సత్తిబాబు మా కాకినాడవాడే. కాళ్లు లాగుతున్నాయని మేట్ గారి దగ్గరకు వెళ్లాడు.

"లేజీనెస్ సత్తిబాబూ, బుక్‌లో క్లియర్‌గా ఉంది. డెక్ మీద నాలుగు రౌండ్లు కొట్టు."

"బద్ధకమైతే నిద్రన్నా పట్టాలి కదండీ," అన్నాడు వాడు.

ఎదురు చెప్పాడని మేట్ గారికి కోపం వచ్చింది. హామిల్టన్‌లో దింపేయమని రిపోర్ట్ రాశారు. వాడి వర్క్ పర్మిట్ ఆ ఉద్యోగం మీదే ఉంది, అది పోతే తిరిగి ఇంటికే.

సంతకం పెట్టాల్సింది కెప్టెన్. మాంట్రియల్ ఆవిడ, మాట తక్కువ. నా వంటింటి పక్కనే, భోజనాల బల్ల దగ్గర, పుస్తకంలో ఎక్కడుందో చూపించమంది. చూపించారు. తరవాతి పుట తిప్పబోతే తిరగలేదు. పూర్వం కాగితాన్ని మడతపెట్టి అలాగే కుట్టేసేవారు, చదివేవాడే కత్తితో అంచు కోసుకోవాలి. సోమరితనం దాటి మా మేట్ గారు ఒక్క పుటా కోయలేదు.

ఆవిడ నా వైపు చెయ్యి చాచింది. ఉల్లిపాయల కత్తి తుడిచి ఇచ్చాను.

"కట్ చేస్తే వాల్యూ పోతుంది మేడమ్," అన్నారు మేట్ గారు.

ఆవిడ కోసింది. లోపల ఉంది: కాళ్లు బరువెక్కడం, పులుపూ ఆకుకూరలూ అందక వచ్చే స్కర్వీ జబ్బుకు మొదటి గుర్తు, చిగుళ్లు చూడండి, నిమ్మరసం, ఆకుకూరలు పెట్టండి అని. సత్తిబాబును నోరు తెరవమంది. చిగుళ్లు నల్లగా ఉబ్బి ఉన్నాయి. ఏం తింటున్నావని అడిగింది.

పాలన్నం అన్నాడు. ఊళ్లో పచ్చకామెర్లకు నాటుమందు మింగాడు, కూరలూ పులుపూ ముట్టొద్దని పథ్యం చెప్పారు. పథ్యం అన్నాక మనలో ఎవరూ మారు ప్రశ్న వెయ్యరు, నేనూ పాలన్నమే పెడుతున్నాను.

"ఎప్పటిదాకా అన్నార్రా?" అని అడిగాను.

"అది చెప్పలేదు బాబాయ్. కిందటేడు మింగాను."

కెప్టెన్ రిపోర్ట్ చింపేసింది. హామిల్టన్ క్లినిక్‌లో స్కర్వీయే అని తేల్చారు. పండ్లూ మాత్రలూ పడ్డాక సత్తిబాబు మళ్లీ డెక్ ఎక్కాడు. మేట్ గారు మాత్రం పుస్తకం ధర పడిపోయిందని సీజన్ అంతా బాధపడ్డారు.

నేను నేర్చుకున్నది ఇంతే. సోమరితనం జబ్బు పేరు కాదు, నోరు తెరిపించి చూడనివాడు చెప్పే జవాబు. పథ్యం పెట్టినవాణ్ణి ఎప్పుడు విడవాలో కూడా అడగాలి. మీ ఇంట పులుసు గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలి, మీ వాళ్లందరూ నాలుగు రుచులూ తిని చల్లగా ఉండాలి.