కుప్పమ్మ పేరు మార్చడానికి ఐరాల ప్రయాణం

ఉదయం ఆరున్నరకు తిరుపతి బస్టాండులో కాణిపాకం బస్సెక్కాం. నాతో ఉన్నది మా ఆఫీసు మునిరత్నం. ఐరాల దగ్గర పల్లెలో అతని అన్న కూతురు కుప్పమ్మకు పెళ్లి కుదిరింది. కార్డులో ఆ పేరు వేయిస్తే తాళి కట్టించుకోనని అమ్మాయి, పేరు మారిస్తే బిడ్డ దక్కదని తల్లి పట్టుబట్టారు. పేర్లకు ఇంగ్లీషు అక్షరాల లెక్క కట్టడం నేను సొంతంగా నేర్చుకున్నాను కనుక తీర్పుకు నన్ను పిలిచారు.

ముందు రాత్రే లెక్క తేల్చాను. కుప్పమ్మ ముప్పై నాలుగు, మంచిది కాదు. అమ్మాయి కోరుకున్న హరిత పందొమ్మిది, దివ్యమైన అంకె.

పక్క సీటాయన ఒళ్లో మేకపిల్ల ఉంది. మా మాటలు విని నవ్వాడు.

"నా పేరు ధనశేఖరు సామీ. ఈ మేకపిల్ల తప్ప నాకేముండాది? నీ లెక్క యాడన్నా తప్పిందేమో సూడు."

పాకాల దాటేదాకా చూశాను. లెక్క తప్పలేదు.

కాణిపాకంలో ఇడ్లీ బాగుంటుంది, చట్నీ అడిగితే మళ్లీ వేస్తారు. అక్కడి నుంచి షేర్ ఆటోలో పల్లె చేరేసరికి పది.

తల్లి మంగమ్మ మజ్జిగ ఇచ్చి నా ఎదుట కూర్చుంది.

"ముందు పుట్టినోళ్లకి మంచి పేర్లే పెట్టినాం సార్. భాగ్యలక్ష్మి నెల కూడా ఉండ్లేదు. మృత్యుంజయ మూడు నెల్లున్నాడు."

వేళ్ల మీద లెక్క వేశాను. ముప్పై రెండు, ముప్పై ఏడు. అంతకన్నా గొప్ప అంకెలు నా శాస్త్రంలో లేవు. ఇంకొంచెం మజ్జిగ అడిగాను.

బిడ్డలు దక్కని ఇంట్లో తరువాతి బిడ్డను చెత్తకుప్ప మీద పడుకోబెడతారు. పొరుగావిడ తనకు దొరికిందని ఎత్తుకుంటుంది. తల్లి ఆమెకు తవుడిచ్చి కొనుక్కుంటుంది. కుప్ప పేరే పెడితే, అంత చవక బిడ్డను యముడు ముట్టడని నమ్మకం. అలా కుప్పమ్మను ఎత్తుకున్న పాపమ్మవ్వ ఇప్పుడు కర్ర తాటించుకుంటూ వచ్చింది.

"నేనమ్మిన బిడ్డకి నన్నడక్కుండా పేరు మార్సేదానికి ఈయనెవురు?" అంది.

లెక్కలు చూసే సారని మునిరత్నం చెప్పాడు.

"సూడనీ. యే మంగా, పేరు ఒద్దంటే నా బిడ్డని నాకిచ్చెయ్. నీ తవుడు నీకిస్తా."

అందరం నవ్వాం. మంగమ్మ నవ్వలేదు. కూతురి మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆ చేతిని చూసి అమ్మాయి మెత్తబడింది.

"పోనీలేమ్మా, కుప్పమ్మనే ఏసుకుందాం," అంది. కళ్లలో నీళ్లు.

అవ్వ ఇద్దరినీ చూసింది.

"కార్డులో మీకిష్టమొచ్చింది ఏసుకోండే. యముడు కార్డులు సదవతాడా? పిలిస్తే ఇంటాడు. పిలిసేది మాత్రం కుప్పీ అనే పిలవండి."

మంగమ్మ లోపలికి వెళ్లి చేటెడు తవుడు తెచ్చి అవ్వ కొంగులో పోసింది, బేరం ఇంకా చెల్లుతుందన్నట్టు. తీర్పు చెప్పడానికి నాకేమీ మిగల్లేదు. కార్డు మీద హరిత అని రాసిచ్చాను.

భోజనమయ్యాక బయలుదేరాం. ఐరాల వెళ్లేవారు అక్కడి బెల్లం తప్పక తెచ్చుకోండి. మేం అడగకుండానే దొరికింది. ఆటో కదలబోతుంటే మంగమ్మ వాకిట్లోకొచ్చి, రెండడుగుల దూరంలో ఉన్న కూతుర్ని, మా వైపు గాక ఆకాశం వైపు చూస్తూ, వీధంతా వినేలా పిలిచింది.

"ఒసే కుప్పీ, సార్‌కి బెల్లం తెచ్చియ్యే."

"వస్తా ఉండాను లేమ్మా," అంది హరిత, అంతే గట్టిగా.