సంతకాల తలుపు

ఎనభైల మొదట్లో సియాటెల్ దగ్గర బాతెల్‌లో ఉండేవాళ్ళం. శనివారాలు నేను ఒక విమానాల మ్యూజియంలో జీతం లేని టైపిస్టుని. అక్కడి హ్యాంగర్‌లో, యుద్ధకాలపు రెండింజన్ల మీడియం బాంబర్‌ని రిటైరైన ముసలాళ్ళు కొందరు విప్పుతూ, తుడుస్తూ, మళ్ళీ బిగిస్తూ ఉండేవారు. ఆ విమానాన్ని ఏయే దేశాల వైమానిక దళాలు నడిపాయో చెప్పే బోర్డు కావాలన్నారు. పుస్తకాలు తిరగేసి జాబితా నేనే టైపు చేశాను: అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, రష్యా, చైనా, బ్రెజిల్, ఇంకా కొన్ని. ఒక్క తప్పు లేదని మురిసిపోయాను కూడా. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ వేసవిలో మా మామగారు వచ్చారు. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన మనిషి. యుద్ధం రోజుల్లో బెంగాల్లో అమెరికన్ల ఎయిర్‌ఫీల్డ్‌లో కూలీగా చేరి, రెండేళ్ళు ఇవే బాంబర్లకు పెట్రోలు పోశారు, బాంబులు మోశారు. హ్యాంగర్‌కి తీసుకెళ్తే, విమానం కడుపు కిందికి దూరి, బాంబులు జారవిడిచే తలుపును అరచేత్తో నిమిరారు. ఆ తలుపు లోపలివైపు నిండా సంతకాలే. యుద్ధంలో ఆ రకం విమానంతో పనిచేసినవాళ్ళు వస్తే అక్కడ పేరు రాయించడం ఆ ముసలాళ్ళ ఆనవాయితీ.

"నేనూ రాయొచ్చేమో కాస్త కనుక్కోమ్మా" అన్నారు.

సంతకాలు పెట్టించే పెన్ను, ఆ ముసలాళ్ళకు పెద్దగా వ్యవహరించే ఆయన దగ్గర ఉండేది. వెళ్ళి అడిగాను. ఆయన మర్యాదగానే, "ఏ ఎయిర్‌ఫోర్స్?" అన్నాడు.

"ఏదీ కాదు. గ్రౌండ్ మీద లేబర్" అన్నాను.

ఆయన నా బోర్డు వైపు చూపించాడు. "సారీ. బోర్డు మీద ఉన్న ఎయిర్‌ఫోర్సుల వాళ్ళకే. లిస్ట్ మీరే చేశారు కదా."

చేశాను. నేనే చేశాను. ఎగిరినవాళ్ళందరినీ ఎక్కించాను గాని, కింద నడుములు విరగ్గొట్టుకున్నవాళ్ళ ఊసే లేదు. ఆ తలుపు మీద ఒక వంటవాడి సంతకం కూడా ఉంది, వాడికి యూనిఫాం ఉంది కాబట్టి. ఆ మాట పెద్దాయన మొహం మీదే అనేశాను. ఆయన పెన్ను జేబులో పెట్టుకుని కాఫీకి వెళ్ళిపోయాడు. మామగారు, "పోదాం పదమ్మా" అన్నారు.

కార్లో నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "లెటర్ టైప్ చేసి డైరెక్టర్‌కి పంపిస్తాను మామయ్యగారూ. మీ పేరు రాయించి తీరతాను."

"నా పేరెందుకమ్మా" అన్నారాయన. బాంబులు ఎక్కిస్తుంటే ఒకటి జారి, తన జతగాడి మీద పడిందట. విజయనగరం వైపు మనిషట. రిజిస్టర్లో 'ఒక లేబర్' అని రాసి, మధ్యాహ్నానికల్లా ఇంకొకణ్ణి పెట్టుకున్నారట. "వాడి పేరు ఎక్కడా లేదు. ఆ తలుపు మీద రాద్దామనుకున్నాను."

నా కోపం రెట్టింపైంది. ఇంటికి చేరేదాకా మ్యూజియాన్నీ, అమెరికానీ, తెల్లవాళ్ళందరినీ తిడుతూనే డ్రైవ్ చేశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాను, మీటింగుల్లో అరిచాను. మూడేళ్ళకు రూలు మార్చారు. ఆ పెద్దాయనే ఫోన్ చేసి, వచ్చి రాయమన్నాడు. అప్పటికి మామగారు పోయి ఏడాది. పెన్ను పట్టుకుని ఆ తలుపు కింద నిలబడ్డాక తెలిసింది: అన్ని తిట్లు తిట్టిన నేను, ఆ రోజు కార్లో గాని, ఆ తర్వాత గాని ఆ విజయనగరం మనిషి పేరేమిటని అడగనేలేదు.