మందలో కలిసిన ఆకాశపు పెట్టె

మొన్న టీవీలో ఒక వ్యోమనౌక గొడుగులు విప్పుకొని సముద్రంలో దిగుతుంటే మా ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం "అయ్యో, దాని మీద ఎవరూ గొంగడి కప్పరేందే?" అన్నాను. మనవరాలు పడీ పడీ నవ్వి, "నీకు మతి పోయింది నానమ్మా" అంది. "పోలేదే పిల్లా, మీ ముత్తాత యాదికొచ్చిండు" అన్నాను.

అరవైల మొదట్లో మాట. దేవరకొండ దగ్గరి ఊరికి నేను కోడలిగా వచ్చిన మొదటి ఎండాకాలం. మాది గొర్రెలు మేపే ఇల్లు. మందలో ఎన్ని జీవాలుంటే అన్ని ముఖాలూ మా మామకు తెలుసు. కోడలి ముఖం మాత్రం ఉగాది దాకా సరిగా గుర్తుపట్టలేదు. "ఓ పిల్లా" అంటే నేనే అనుకోవాలి. అత్తకు నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. తిట్టుకుంటూనే రెండో గరిటె వడ్డించేది.

ఒక పొద్దున గుట్ట వైపు మంద తోలుకుపోయిన మామ, మరిది కాసేపటికే తిరిగొచ్చారు. మామ భుజం మీద ఒక తెల్ల పెట్టె. మరిది చంకలో పందిరంత ఎర్రగుడ్డ. ఆ గుడ్డకు వేలాడుతూ పెట్టె ఆకాశంలోంచి ఊగుకుంటూ వచ్చి సరిగ్గా మంద నడుమ దిగిందట. దాని మీద అతికించిన కాగితం తుమ్మముళ్లకు చినిగి ఒక్క ముక్కే మిగిలింది. ఆ ఇంట్లో నాలుగు అక్షరాలు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. "తెరవకూడదు" అని చదివాను.

"తెర్వద్దన్నరంటే లోపల బంగారమే వదినా!" అంటూ మరిది గొడ్డలి అందుకున్నాడు. మామ దాన్ని గుంజుకున్నాడు. "పరాయి జీవం మన మందల కలిస్తే ఏం జేస్తంరా? కోస్కొని తింటమా? మేపుతం, నీళ్లు తాపుతం, అసలోడొచ్చి గుర్తు చెప్తే అప్పజెప్తం. గిది మన మందల పడ్డది. దీనికీ గంతే."

ఇక ఎదురేముంది! అత్త దాన్ని ఇంటి వెనక గొర్రెపిల్లల గంప కింద పెట్టి, "పాపం, ఏడికెల్లి వచ్చిందో, ఎండకు మాడిపోతది" అని తడిపిన గొంగడి గంప మీద కప్పింది. గొంగడి ఆరకుండా నీళ్లు చల్లే పని నాకు పడింది. మొదటిరోజు పెట్టెకు చాకిరీ ఏమిటని ఒళ్లు మండింది. రెండో రోజుకు "ఏమే, సల్లగున్నదా?" అని దాన్నే పలకరించడం మొదలుపెట్టాను.

మామ దేవరకొండ అంగడికి పోయి, ఆచారం ప్రకారం చాటించి వచ్చాడు: "మా మందల పరాయి జీవం కలిసింది. గుర్తు చెప్పి తీస్కపోండ్రి." అంతే. రంగూ రూపూ చెప్పకూడదు. చెబితే దొంగ కూడా గుర్తు చెబుతాడు. హైదరాబాదు నుంచి జీపులో పెట్టెను వెతుక్కుంటూ వచ్చిన కుర్ర సారు ఒకాయన ఆ చాటింపు విన్నాడట కూడా. మనది గొర్రె కాదు కదా అని జీపెక్కి వెళ్లిపోయాడట!

మూడో రోజు మధ్యాహ్నం ఆ జీపే వేడెక్కి, నీళ్ల కోసం మా ఇంటి ముందు ఆగింది. దడి మీద అత్త ఆరేసిన ఎర్రగుడ్డ చూసి సారు చేతిలో చెంబు జారిపోయింది. "పెట్టె ఏదీ? తెరిచారా?" అన్నాడు. "పెద్ద బెలూనుకు కట్టి పైకి పంపామమ్మా. లోపల ఫొటో పలకలున్నాయి. చుక్కల నుంచి వచ్చే రేణువులు వాటి మీద గీతలు గీస్తాయి. వెలుతురు సోకినా, ఎండకు కాగినా అన్నీ పాడైపోతాయి. నా రెండేళ్ల కష్టం."

మామ కదల్లేదు. "గుర్తు చెప్పు సారూ."

"సర్కారు పెట్టెకు గుర్తేంది?" అని డ్రైవరు గద్దించాడు.

"సర్కారు గొర్రెకైనా గుర్తు చెప్పాల్సిందే."

సారు కళ్లు మూసుకున్నాడు. "అడుగున ఒక మూల లక్క మచ్చ ఉంటుంది. సీలు వేస్తుంటే నా చెయ్యి వణికి కారింది."

మామ అందరినీ ఇంటి వెనక్కి తీసుకుపోయి, గంప ఎత్తి, పెట్టెను పక్కకు వంచి చూశాడు. "పుట్టుమచ్చ కలిసింది. నీదే, తోల్కపో" అన్నాడు. సారు పెట్టె మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. తడి గొంగడిని చూశాడు, నీళ్ల కడవతో ఉన్న నన్ను చూశాడు, ఒక్కసారిగా వంగి అత్త కాళ్లకు మొక్కాడు. "గిదేంది కొడుకా! జర రొట్టె తిని పో" అని అత్త కంగారుపడింది.

రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. పలకలు చెడలేదట! జతగా ఒక ఫొటో: సన్నటి నల్ల గీత, నడుమ మూడుగా చీలింది. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి, "గిటుకెల్లి ఒక్కటే వచ్చింది. గీడ దేనికో తాకింది. బెదిరి మూడు దిక్కులు ఉరికినయి" అన్నాడు, అడుగుజాడలు చదివినట్టు. సారు రాసిందీ సరిగ్గా అదే. మామ ముందు నవ్వకూడదన్న మాటే మరిచి పకపకా నవ్వాను. ఆయనా నవ్వి, మొట్టమొదటిసారి నన్ను పేరు పెట్టి పిలిచి, మళ్లీ చదవమన్నాడు.

ఆ రేణువు ఎన్ని వేల ఏళ్ల కిందట ఏ చుక్క నుంచి బయలుదేరిందో తమకే తెలియదని సారు రాశాడు. అది విని అత్త, "గన్నేండ్లు నడిసొచ్చినదానికి మన దగ్గర మూడొద్దులు నీడ దొరికింది, గది చాలు" అంది. ఇప్పుడు అత్తా లేదు, మామా లేడు. లెక్కలేని కాలంలో మనిషికి చిక్కేదీ ఆ మూడు పొద్దులే. నావి మాత్రం చల్లటి గొంగడి కింద గడిచాయి.