రాగి రజను సంచి

కడ్డీ కరిగిపోయిన మూడో రోజుకే తప్పు నాదని నాకు తెలిసిపోయింది. అంత ముందే తెలుసన్న మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా ఆనాటి ఎండ గురించి రాసి ఊరుకున్నాను.

నంద్యాలలో మా మేడమీది గదిలో కూర్చుని బెంగళూరులోని ఒక చిన్న కంపెనీకి డిజైన్లు గీస్తాను. అక్కడ తయారయ్యే అతివాహక (సూపర్‌కండక్టింగ్) అయస్కాంతాలు ద్రవ హీలియం చలిలో మునిగి ఉంటాయి. బయటినుంచి వాటికి కరెంటు తీసుకెళ్లే రాగి కడ్డీలు నా పని. కడ్డీ లావైతే బయటి వేడిని లోపలికి మోసుకుపోతుంది. సన్నమైతే కరెంటుకు తానే కాగిపోతుంది. అందుకని దాని చుట్టూ మరచుట్టులా గాడి కోయిస్తాం. ఆవిరైన చల్లని హీలియం ఆ గాడిలో పైకి పాకుతూ కడ్డీని చల్లబరుస్తుంది.

మొదటి కడ్డీని ఆళ్లగడ్డలో, శిల్పులకు ఉలులు చేసిచ్చే ఒక లేత్ మేస్త్రీ దగ్గర చేయించాను. కంపెనీని ఒప్పించింది నేనే.

డ్రాయింగు చూసి ఆయన కళ్లద్దాలు పైకి నెట్టుకున్నాడు.

"ఏమ్మా, గాడి ఇంత లోతు కోస్తే నడుమ ఏం మిగుల్తాది? చర్నాకోల పుల్లంత గూడా ఉండదు."

"లెక్కేసినానన్నా."

"లెక్కేసినావంటే సరేలే."

కడ్డీతో పాటు చిన్న గుడ్డసంచి ఇచ్చాడు. రాగి తెచ్చినవాళ్లకు కోతలో రాలిన రజను కూడా తిరిగిచ్చేయడం ఆయన పద్ధతి.

పరీక్షలో పూర్తి కరెంటు ఎక్కకముందే గాడి ఉన్న భాగమంతా కరిగి ముద్దయింది. "లేత్ అతను లోతు ఎక్కువ కోసుంటాడు కదా?" అని మా సార్ ఫోన్‌లో అడిగారు. "ఉండొచ్చు సార్" అన్నాను. కొలత తప్పావని మేస్త్రీకి ఫోన్ చేసి చెప్పి, కంపెనీవాళ్లు మిగతా కడ్డీలను వేరే ఊరికి ఇచ్చేశారు.

మూడో రోజు రజనును వంటింటి త్రాసులో తూచాను. డ్రాయింగు ప్రకారం ఎంత రాలాలో అంతే ఉంది. అప్పుడు నా లెక్క తీశాను. గాడి కోయకముందున్న లావుకే కరెంటు లెక్క కట్టాను, కోశాక మిగిలే రాగికి కాదు. సంచిని పుస్తకాల వెనక పెట్టేశాను. ఆ అరలోంచి పుస్తకం తీయడం మానేశాను.

నెలలు గడిచాక, ఆ సంచి ఒళ్లో పెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. షాపులో ఒక శిల్పి ఉలి కోసం కాచుకుని ఉన్నాడు.

"ఏమప్పా, నా ఉలినన్నా ఉంచుతావా, రాగి మాదిరి దీన్ని గూడా కరగబెడతావా?"

మేస్త్రీ తలెత్తలేదు. ఉలి ఇచ్చి పంపించాడు. శిల్పి వెళ్లేదాకా ఆగాను.

"తప్పు నాదే అన్నా. నిన్ననే తెలిసింది" అన్నాను. ఆ 'నిన్ననే' బస్సులోనే అనుకుని పెట్టుకున్నాను.

ఆయన సంచి విప్పి, రజను వేళ్లతో నలిపి చూసి, మళ్లీ ముడేసి నా చేతిలో పెట్టాడు.

"నాకు కొలత రాదన్నది కంపెనీవాళ్లు గదమ్మా. నాకెందుకు చెప్తాండావు? పోయి ఆళ్లకు చెప్పు."